ఓదెలు పేరున ఒక మాత్ర

మూత 9వ రోజు

పైన ఎండ యాభై ఆరు డిగ్రీలు దాటిందని ఉదయం బోర్డు మీద రాశారు. మేమంతా లోపలికి దిగి, గని నోటికి మూత బిగించి తొమ్మిది రోజులైంది. తీయడానికి ఇంకా రెండువందల ఒక్క రోజు ఉంది.

ఈ గనిలో నేనొక్కడినే మెదడు, నరాల వైద్యుణ్ణి కనుక ఈ పుస్తకం నేనే రాయాలి. ఉదయం ఆరుగురి రక్తపోటు చూశాను. తల స్కానరులో దుమ్ము తుడిచాను. తడి చేరి పాడైన దూదికట్టలు రెండు పక్కన పెట్టించాను.

పదకొండు గంటలకు కనకయ్యను మోసుకొచ్చారు. వయసు అరవై ఎనిమిది. మూడో మట్టంలో ఇద్దరి గదిలో ఉంటాడు. భార్య పోయి ఏడాది దాటింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దగా వస్తోంది. మెదడులో రక్తం కారినట్టు స్కానరు చూపింది. గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతం మాకు అలవాటైనదే. రక్తం కారి వచ్చినది కిందటి మూత కాలం మొత్తంలో ఒక్కటే చూశాను.

మూత 13వ రోజు

కనకయ్యకు మాట కొంత తేరుకుంది. ఆయన పదేపదే అడుగుతున్నది ఒకటే: "ఎన్ని దినాలైంది సారు, నేనీడికొచ్చి?"

నాలుగు రోజులైందని చెప్పాను. ఆయన గోడవైపు తిరిగి ఏడ్చాడు. మెదడు దెబ్బతిన్నవారికి కారణం లేని ఏడుపు రావడం కద్దు. అలాగే నమోదు చేశాను.

మూత 24వ రోజు

నిన్న ఒకరు, ఇవాళ ఒకరు. ఇద్దరికీ మెదడులో రక్తస్రావమే. ఇద్దరూ అరవై దాటినవారే, జీవిత భాగస్వామి పోయి ఒంటరిగా ఉంటున్నవారే. ఇద్దరి రక్తపోటూ గత నెల బాగానే ఉంది.

ఒంటరితనం గుండెను, నిద్రను, తిండిని చెడగొడుతుందని తెలుసు. కానీ అది ఇంత హఠాత్తుగా, ఈ ఒక్క మూత కాలంలోనే, రక్తనాళాలను ఎందుకు చిట్లిస్తుంది? పక్క గనులను అడుగుదామంటే మూత పడ్డాక టెలిఫోను తీగ పలకదు.

ఒంటరిగా ఉంటున్న పెద్దలందరినీ చూడటం మొదలుపెట్టాను. వారిలో బుచ్చవ్వ ఒకరు. డెబ్బై ఒక్కేళ్ళు. భర్త ఓదెలు పంపుల దగ్గర పనిచేసేవాడు. పోయి రెండేళ్ళయింది. ఆమె ముంజేతుల మీద నీలి మచ్చలు మూడున్నాయి. పెద్దది నాలుగు సెంటీమీటర్లు.

"ఎక్కడైనా తగిలిందా అవ్వా?"

"తగల్లే సారు. బకెట్ పట్టుకుంటె సుత కములుతుంది. చెయ్యి సుత ఓర్వలేనిదైపోయింది, మా తోడికోడలి లెక్క."

చిగుళ్ళు చూశాను. పళ్ళు తోముకుంటే రక్తం వస్తోందట. ఆమె తినే మందులన్నీ వరసగా అడిగాను. మోకాళ్ళకు లేపనం తప్ప ఏమీ లేవు.

"మీ బలం మాత్రలు రోజుకు ఎన్ని?"

"నాది ఒక్కటే సారు."

ఒకటి అని రాసుకున్నాను. మిగతావారందరూ అదే మాట చెప్పారు.

మూత 37వ రోజు

నాలుగో కేసు. కనకయ్య ఇవాళ తెల్లవారి ఆరు గంటలకు మరణించాడు. ఊపిరితిత్తులకు నెమ్ము చేరింది.

ఉప్పు పరీక్షించాను, నీరు పరీక్షించాను. గాలి పంకాల నూనె ఆవిరి కూడా పరీక్షించాను. ఏమీ దొరకలేదు.

మిగిలింది బలం మాత్ర. అరవై దాటిన ప్రతి ఒక్కరూ ఉదయం మూడో మట్టంలో పిలుపు కిటికీ ముందు వరసకట్టి దాన్ని మింగుతారు. ఎండ చూడని ఎముకలకు డి విటమిను, రక్తానికి బి జాతివి రెండు, వాటితోపాటు ఇ. ఈసారి ఇ పాలు రెండింతలు చేయించింది నేను. గుండెకు ఏమైనా మేలు చేయమని పెద్దలు సభలో అడిగారు. పాత పుస్తకాలు రెండు వైపులా మాట్లాడాయి. హద్దు దాటకుండా, సరిగ్గా హద్దు అంచు దాకా పెంచి సంతకం పెట్టాను. ఆ విటమిను రక్తాన్ని పలచబరుస్తుందని తెలియక కాదు. ఒక మాత్ర హద్దు లోపలే ఉంది. దాన్ని మింగుతున్నవారు రెండువందల మందికి పైగా ఉండగా, రక్తస్రావం ఒంటరివారికే ఎందుకు వస్తోంది?

రేపు మాత్రల గదికి వెళ్ళి చూడాలి.

మూత 38వ రోజు

మాత్రల గదికి వెళ్ళాను. అక్కడ పని జరీనాబీది. మూత కాలానికి సరిపడా మాత్రలన్నీ ముందే ఒత్తి డబ్బాలకెక్కిస్తుంది. తర్వాత కిటికీలో నింపడమే పని. ముడిసరుకులో ఇప్పుడు మిగిలింది గంజిపొడి మాత్రమే.

"ఈ మాత్రల్లో ఇ తగ్గించడానికి వీలవుతుందా?"

"ఒత్తిన మాత్రలోంచి ఎట్ల తీస్త సాబ్, పంటికింద రాయి ఏరినట్టు?" అంది. "అదట్లుంచున్రి. మీరు లెక్క తక్కువ రాసిచ్చిన్రు. డబ్బాలు మూత తీసేదాక ఆగవు."

"పిలుపుకు వచ్చేవారు రెండువందల పన్నెండు మంది. ఆ ప్రకారమే రాశాను."

"నిన్న పోయినయి రెండువందల నలభై మూడు."

నేను మళ్ళీ లెక్కపెట్టమన్నాను. ఆమె పెట్టలేదు.

"సాబ్, నిజంగనే మీకు తెల్వదా?"

"ఏమిటి?"

"రేపు పొద్దుగాల దవాఖాన తలుపు అరగంట ఆలస్యంగ తెర్వున్రి. కిటికీ కాడ నిలబడున్రి. నా నోటితోని నేను జెప్ప."

మూత 39వ రోజు

కిటికీ పక్కన గోడకానుకుని నిలబడ్డాను. పద్ధతి నాకు తెలుసు కాని, ఎప్పుడూ కళ్ళారా చూడలేదు. మెడలోని బిళ్ళ కిటికీకి చూపితే అది పేరు పిలుస్తుంది. వచ్చినవారు "ఉన్న" అంటారు. మాత్ర పళ్ళెంలో పడుతుంది. మింగి, నాలుక ఎత్తి, ఖాళీ నోరు చూపితే ఆనాటికి ఆ పేరు నిలుస్తుంది. వరసగా మూడు రోజులు పలకని పేరు దానంతటదే రాలిపోతుంది.

బుచ్చవ్వ వచ్చింది. "ఉన్న" అంది, మింగింది, నోరు చూపింది. తర్వాత ఇంటికి పోలేదు. కర్ర తాటించుకుంటూ వరస చివరికి వెళ్ళి మళ్ళీ నిలబడింది. రెండోసారి ఆమె కొంగు ముడి విప్పి ఇంకో బిళ్ళ తీసింది. కిటికీ ఓదెలు పేరు పిలిచింది.

"ఉన్నడు" అంది.

మాత్ర పడింది. కళ్ళకద్దుకుని మింగింది.

ఆ తర్వాత ఇంకా ముప్పై మంది అలాగే రెండోసారి వచ్చారు. వరసలో ఎవరూ తలెత్తి చూడలేదు. "ఉన్నది" అనేవారు కొందరు, "ఉన్నడు" అనేవారు కొందరు. చావు జరిగిన ఇంట్లో పదకొండు రోజులు పేరు నిలబెట్టే ఆచారం ఉందని నాకు తెలుసు. పదకొండో రోజున ఆపుతారనే అనుకుంటూ వచ్చాను.

"నాది ఒక్కటే" అని బుచ్చవ్వ చెప్పింది అబద్ధం కాదు. నా ప్రశ్నే తప్పు. 'మీ నోట్లోకి ఎన్ని వెళ్తున్నాయి' అని అడగవలసింది.

కనకయ్య రోజులు ఎందుకు లెక్కపెట్టుకున్నాడో ఇప్పుడు అర్థమైంది. వైద్యశాలలో ఉన్నవారి పేరు మేము నిలబెడతాం. ఆయన భార్య పేరు నిలబెట్టేవారు లేరు. నాలుగు రోజులైందని నేనే చెప్పాను. పదమూడో రోజు నమోదు కొట్టివేసి, కారణం ఉన్న ఏడుపు అని పక్కన రాశాను.

మూత 41వ రోజు

మూడో మట్టం పెద్దమనిషి రామకిష్టయ్య గదికి వెళ్ళాను. ఆయన టీ పోయించి, నేను చెప్పిందంతా విన్నాడు.

"ఈ ముచ్చట మట్టంల చంటిపిల్లకు సుత ఎర్కే సారు. పొద్దుగాల మీరు దవాఖాన్ల ఉంటరు. గందుకే మీకొక్కరికే ఎర్కలే."

"తెలిసి ఆపలేదా?"

"ఏమని ఆపాలె? బలం మాత్రే గదా, ఇంకోటి మింగితె ఇంత బలమొస్తది అనుకున్నం. మీరే గదా గుండెకు మంచిదని జెప్పింది."

సంతకం నాదేనని ఒప్పుకున్నాను.

చచ్చిపోయినవారి పేర్లు సభ తీసివేయవచ్చు కదా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"పేరు మనిషి కొట్టెయ్యద్దు. కిటికీయే కొట్టెయ్యాలె. అట్ల రాసినోళ్ళల్ల మా నాయిన సుత ఉన్నడు. మొదటి ఏడాది ఏమైంది? గదుల కోసం బతికున్నోళ్ళను సచ్చిన్రని రాయించిన్రు. ఒకామె తన దినాల బువ్వ తనే తిన్నదట. ఆ రాత మార్చాలంటె అందరు కూడాలె. అందరు కూడేది మూత తీసినంకనే."

"అప్పటిదాకా?"

"అప్పటిదాక మీరు వాళ్ళను ఆపితె ఆగుతరు. మీ మాటంటె గౌరవం. మూడు పొద్దులల్ల పేర్లు పోతయి. నాలుగో పొద్దున ముప్పై ఒక్క మందిని ఒక్కరుండే గదులున్న ఏడో మట్టానికి దింపాలె. ఇద్దరి గదిల ఒక్కరుండద్దని గూడ రాసుంది. దింపుమంటరా?"

ఏడో మట్టం నుంచి కిటికీకి నూట నలభై మెట్లు. మనుషులను ఎక్కించి దించే బోను మూత కాలంలో నడవదు. దాని కరెంటంతా గాలి పంకాలకే పోతుంది. డెబ్బై దాటినవారు రోజూ నూట నలభై మెట్లు ఎక్కలేరు. మూడు రోజులు ఎక్కకపోతే వారి పేరు కూడా రాలిపోతుంది. పేరు లేనివారికి అందరికీ కలిపి పోసే పొత్తు గంజి తప్ప వాటా ఉండదు.

టీ చల్లారిపోయింది. తాగి వచ్చాను.

మూత 47వ రోజు

బుచ్చవ్వ మూతి ఎడమవైపు తిమ్మిరెక్కిందని పక్కింటివారు కబురు పంపారు. నేను వెళ్ళేసరికి తగ్గిపోయింది. పావుగంట ఉందట. స్కానరులో మెదడు అంచున ఆవగింజంత రక్తపు చుక్క కనిపించింది. పెద్దది రాకముందు ఇలాంటిది ఒకటి రావడం కనకయ్య విషయంలోనూ జరిగి ఉండాలి. ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఆమె మంచం పక్కన కూర్చుని అన్నీ చెప్పాను. రెండు మాత్రలు కలిస్తే రక్తం ఎంత పలచబడుతుందో, ఆ చుక్క ఏమవుతుందో చెప్పాను. ఒక మాత్ర మానమన్నాను.

"మానితె ఆయన పేరు పోతది. ఆయన పేరు పోతె గది పోతది. గది పోతె ఏడో మట్టం." ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "ఏడో మట్టంల నా మోకాళ్ళు పోతయి, ఆ ఎనుక నా పేరు పోతది. సారూ, మాత్రతోని సస్తనా, మెట్లతోని సస్తనా? మీరు సదువుకున్నోళ్ళు, ఏదో ఒకటి జెప్పున్రి. అది జేస్త."

"ఉమ్మేయడానికి వీలుకాదా?"

నేను అడగకూడని మాట అడిగానని ఆమె ముఖం చూడగానే తెలిసింది.

"కిటికీ నాలిక కింద సుత జూస్తది. జూడకపోయినా ఉమ్మ. ఆయన పేరున పడ్డది నేల పాలు జెయ్యాల్నా? కరువుల ఆయన తన రొట్టె నాకు పెట్టిండు, నేను వద్దన్నా."

వైద్యశాలలోనే ఉంచుదామన్నాను. ఆమె పేరు మేము నిలబెడతాం. ఓదెలు పేరు ఎవరు నిలబెడతారని అడిగింది. 

మూత 48వ రోజు

ఉదయం నేను నిద్రలేచేసరికి బుచ్చవ్వ నర్సు చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గర వరసలో ఉంది.

మూత 51వ రోజు

మూత్రపిండాల జబ్బున్నవారు ఏడుగురు మా దగ్గర ఉన్నారు. వారు బలం మాత్ర మింగకూడదు. అయినా పిలుపుకు మాత్ర మింగి తీరాలి కనుక, జరీనాబీ వారికి వట్టి గంజిపొడితో మాత్రలు ఒత్తుతుంది. అచ్చు అదే ఆకారం. లోపల ఏమీ ఉండదు. దాన్ని వట్టి మాత్ర అంటాం. నేను మోతాదు మార్పు పత్రం రాసి కిటికీకి చూపితే, ఆ పేరుకు అది వట్టి మాత్ర వదులుతుంది.

పేరు నమోదులో ఉన్న ఎవరి మోతాదునైనా నేను మార్చవచ్చు.

ఓదెలు పేరు నమోదులోనే ఉంది.

గంజిపొడి సరిపోతుందా అని జరీనాబీని అడిగాను. మొత్తం రెండువందల మందికి సరిపోదు. సరిపోయినా పెద్దలకు డి లేకుండా పోతుంది, అది వేరే అపాయం. ముప్పై ఒక్కరికి చాలుతుంది.

"చచ్చినోళ్ళకు చీటీ రాస్తరా సాబ్?"

"వారి మోతాదు మారుస్తాను."

"ఇరవై ఏండ్ల సంది జూస్తున్న, బతికున్నోళ్ళకు మీరు ఇంత ధైర్యంగ ఒక్క చీటీ రాయలే" అంది. అని, అప్పుడే యంత్రం బిగించడం మొదలుపెట్టింది.

మూత 52వ రోజు

పత్రంలో పేరు, వయసు, నాడి, రక్తపోటు, మార్పు అని ఐదు గళ్ళుంటాయి. అడుగున 'స్వయంగా పరీక్షించాను' అని సంతకం పెట్టాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా కిటికీ తీసుకోదు.

అబద్ధం రాయడం నాకు చేతకాదు. చేతనైనా ఇందులో రాయలేను. ఈ పత్రాల మీద నమ్మకం పోతే రేపు మూత్రపిండాల వారి పత్రాలనూ ఎవరూ నమ్మరు. వైద్యశాల మరణాల పుస్తకం తెరిచి చూశాను. పోయిన ఆ ముప్పై ఒక్కరిలో ఇరవై తొమ్మిది మందిని నేనే ఆఖరిసారి పరీక్షించాను. 'స్వయంగా పరీక్షించాను' అన్నది నిజమే. తేదీ అడిగే గడి లేదు. మిగిలిన ఇద్దరినీ చూసిన సహాయకుడు తన సంతకం తనే పెడతానన్నాడు.

మొదటి పత్రం ఓదెలుది. వయసు గడిలో కిటికీ తనంతట తానే డెబ్బై నాలుగు వేసింది. దాని లెక్కలో ఆయనకు ఏటేటా ఒక సంవత్సరం కలుస్తూనే ఉంది. నాడి: సున్నా. రక్తపోటు: సున్నా. మార్పు: వట్టి మాత్ర.

కిటికీ తీసుకుంది.

రామకిష్టయ్యకు చెప్పి చేయడం మర్యాద కనుక వెళ్ళి చెప్పాను.

"సారూ, ఈ పత్రం నెలకోటి మళ్ళ రాయాలె గదా?"

"అవును."

"ఒక్కసారి మొదలుబెడితె మీరు ఎనుకకు రాలేరు. మూత తీసినంక సభల ఎవరన్న లేచి అడిగితె?"

"చూపిస్తాను. అన్నీ రాసే ఉంచాను."

"గట్లయితె నాకేం జెప్పలేదనుకోన్రి" అన్నాడు. తలుపు దాకా వచ్చి, "జెప్పిన్రనే అనుకోన్రి తియ్యి" అన్నాడు.

మూత 54వ రోజు

తెలియకుండా మార్చడం సరికాదని ముప్పై ఒక్కరినీ ఒక్కొక్కరిగా పిలిపించాను. ముందు బుచ్చవ్వ వచ్చింది. ఓదెలు పత్రం ఆమెకు చదివి వినిపించాను. ఇక రెండుసార్లు నిలబడినా ఫరవాలేదనీ, రెండోది వట్టిదనీ, పేరు నిలుస్తుందనీ, గది నిలుస్తుందనీ చెప్పాను. నాకు కొంత సంతోషంగానే ఉంది. దాచడం ఎందుకు.

ఆమె అంతా విని, "ఆయనకు వట్టిదా?" అంది.

"మాత్ర ఆయన పేరున పడుతుంది. మింగేది మీరే కదా."

"మింగేది నేనే. పడేది ఆయనకు." చీర అంచు సవరించుకుంది. "ఆయనున్నప్పుడు పొట్టు రొట్టె నేను తిని, మంచి రొట్టె ఆయనకు పెట్టిన పొద్దులున్నయి. ఆయన పెట్టిన పొద్దులూ ఉన్నయి. సచ్చిండని ఇప్పుడు ఆయన పళ్లెంల పొట్టు ఎయ్యాల్నా? సిగ్గుండదా సారు, నాకు?"

నేను లెక్క చెప్పబోయాను. ఆమె వినలేదు.

"వట్టిది నాకెయ్యున్రి. ఆయనది ఆయనకే ఉండనియ్యున్రి."

ఒకటి వట్టిది, ఒకటి మంచిది. ఏది ఎవరి పేరున పడినా ఆమె ఒంట్లోకి చేరేది ఒకటే. ఈ సులువు నాకు తట్టలేదు. తట్టనందుకు కాసేపు సిగ్గుపడ్డాను. ఇక చనిపోయినవారికి పత్రం రాయాల్సిన అవసరమే లేదు. బతికున్నవారికి రాస్తే చాలు. అందులో సభ ముందు సమాధానం చెప్పుకోవలసిందేమీ ఉండదు.

ఓదెలు పత్రం రద్దు చేశాను. బుచ్చవ్వ పేరున కొత్తది తీశాను.

"చెయ్యి ఇవ్వండి అవ్వా. నాడి చూడాలి."

"ఆయనకు ఏమని రాసిన్రు?"

"సున్నా అని."

"ఎవరికైన అట్ల రాయాల్సొస్తె సున్నా అనకున్రి. దొరకలే అని రాయున్రి."

ఆమె నాడి డెబ్బై నాలుగు.

మూత 56వ రోజు

ఇవాళ్టితో అందరినీ చూడటం పూర్తయింది. అందరూ బుచ్చవ్వలా కోరుకుంటారనుకున్నాను. బుచ్చవ్వతో కలిపి పంతొమ్మిది మంది అలాగే కోరారు. పన్నెండు మంది మాత్రం మంచి మాత్ర తమకే ఉంచి, పోయినవారికి వట్టిది వేయమన్నారు. వారిలో ఒక పెద్దాయన, "అది బతికున్ననాడు ఏ మందూ మింగలే సారు. ఇప్పుడన్న దానికిష్టమైనట్టు ఉండనీ" అన్నాడు. ఇంకొకామె కారణం చెప్పబోయి ఆగిపోయింది. నేను అడగలేదు.

అంటే చనిపోయినవారికి పన్నెండు పత్రాలు రాయక తప్పలేదు. నాడి గడిలో అంకె బదులు మాట రాస్తే కిటికీ తీసుకుంటుందో లేదో తెలియక ముందు ఒకటి పెట్టి చూశాను. తీసుకుంది. పన్నెండింటిలోనూ 'దొరకలేదు' అని రాశాను. ప్రతి నెలా ఈ పన్నెండు మళ్ళీ రాయాలి. సభ కూడిననాడు వీటికి సమాధానం చెప్పుకోవలసినవాణ్ణి నేనే.

మూత 103వ రోజు

నలభై ఏడు రోజుల్లో కొత్తగా రక్తస్రావం ఎవరికీ రాలేదు. ఇంత తక్కువ మందితో, ఇంత కొద్ది రోజులతో రుజువైందని అనలేను. ఇ వేసిన మాత్ర వల్ల గుండెకు మేలు జరిగినట్టూ ఎక్కడా కనిపించలేదు. వచ్చే మూతకు దాన్ని పూర్తిగా తీసివేయమని జరీనాబీకి రాసిచ్చాను. పెంచమని సంతకం పెట్టింది నేనేనన్న మాట కూడా అందులోనే రాశాను.

బుచ్చవ్వ ముంజేతి మీద పెద్ద మచ్చ పసుపు తిరిగి ఒక సెంటీమీటరుకు తగ్గింది. చిగుళ్ళు బాగున్నాయి. రెండుసార్లు నిలబడటం మానలేదు. మోకాళ్ళ కోసం వరసలో ఒక ముక్కాలి పీట వేయించాను. దాని మీద కూర్చోవడం లేదు, దాన్ని తోసుకుంటూ ముందుకు నడుస్తోంది.

మూత తీయడానికి ఇంకా నూట ఏడు రోజులున్నాయి. అందాకా ఎవరి పేరూ కొట్టివేయడానికి వీల్లేదు, ఎవరూ పైకి పోవడానికి వీల్లేదు. నెలకు ముప్పై ఒక్క పత్రాలు. మంచి మాత్ర బతికున్నవారికైనా, పోయినవారికైనా వైద్యపరంగా తేడా లేదు. అందువల్ల ఎవరు ఎందుకు అలా కోరుకున్నారని అడిగే గడి పత్రంలో చేర్చలేదు.